మామిడికాయలకు మొహం కడిగిన కత

మామిడికాయలకు మొహం కడిగి, పదకొండు ఇండ్ల పంటను మళ్ళీ మండీ గుమ్మంలోకి తోలబోయిన మహాతల్లిని మీరెప్పుడైనా చూసినారా? చూడకుంటే ఇప్పుడు చూడండి, నేనే. ఈ కత వినినాక మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి, పర్వాలేదు. ఆ దినం మాత్రం మొదట్లో ఎవురూ నవ్వలేదు. మా చిన్నాయన మొహం మీరు చూసుంటే మీకూ నవ్వొచ్చేది కాదు.

అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. డిగ్రీ అయిపోయి, తిరపతిలోనే మూణ్ణెల్లు వెబ్ డిజైన్ కోర్సు చేసి, ఒక సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మా అమ్మ దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించింది. దానికీ రోజూ కర్పూరం పొగ తగిలేది. నా తల తిరగడానికి అది చాలదా? ఇంక కండ్లకు కనిపించిన ప్రతిదానికీ మార్కులు వేసేది మొదలుపెట్టినాను. తిరుచానూరులో లాడ్జి బోర్డుకు నూటికి పన్నెండు. ఎదురింటోళ్ళ పెండ్లిపత్రికకు ఎనిమిది. ఒకసారి బస్టాండులో కండక్టరును పిలిచి, "అన్నా, మీ బోర్డు మీద అక్షరాలకు నీడ ఎక్కువయింది" అని చెప్పినాను. ఆయన నన్ను కిందా మీదా చూసి, "ఎక్కుతావా, ఎక్కవా?" అన్నాడు.

మా అమ్మను కూడా వదల్లేదు. పొద్దన్నే ముగ్గేస్తా ఉంటే పోయి నిలబడి, "అమ్మా, నడాన కొంచెం ఖాళీ చోటు వదలాల. లేకుంటే కంటికి ఊపిరాడదు" అన్నాను.

"నీ తలకాయలో వదిలినాడు గదమ్మే దేవుడు, అది సాలదా?" అనింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. డిగ్రీ మూడేండ్లు చదివినా నాకు పోనిది, ఆ మూణ్ణెల్ల కోర్సులో శుభ్రంగా పోయింది.

ఇంక మా చిన్నాయన సంగతికొస్తాను. మా నాయనకు తమ్ముడు, పేరు చెంగల్రాయులు. చిత్తూరు నుంచి బస్సులో ముక్కాలు గంట పోతే వాళ్ళ ఊరు. నాలుగెకరాల బేనీషా తోపుండేది. బేనీషా అంటే కోస్తావాళ్ళు బంగినపల్లి అంటారే, ఆ కాయే. ప్రతి ఏడూ కాయలు కోసి మండీకి తోలేవాళ్ళు. ఆడ దళారీ, వ్యాపారీ తువ్వాలు కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకోని బేరమాడేవాళ్ళు. తువ్వాలు కింద ఏం జరిగిందో ఆ దేవుడికే ఎరుక. కాయలు పండించినోడికి మాత్రం పైన తువ్వాలే కనిపించేది.

ఆ ఏడు మా చిన్నాయనకు విసుగొచ్చేసింది. పది మంది రైతుల్ని కూడేసి, "మండీ వద్దు, ఏం వద్దు. మనమే సంగంగా ఉండి, మదరాసుకు నేరుగా అమ్ముకుందామప్పా" అన్నాడు. అందరూ తలకాయలైతే ఊపినారు. అందర్లోకీ పెద్దాయన మునస్వామి తాత మాత్రం ఒక మాట అన్నాడు. "చెంగల్రాయులూ, నీ మాట మీద వస్తా ఉండాము. ఇది గాన బోల్తా కొట్టిందంటే మండీవోడు మమ్మల్ని సూసి నవ్వుతాడు, మేము నీ మొహం సూడం."

మదరాసులో దొరస్వామి అని ఒకాయనకు పండ్ల అంగళ్ళు ఉండేవి. "మీకు వెబ్‌సైట్ ఉండాదంట గదా. గురువారం చిత్తూరికి వస్తాను, మీతో కూర్చోనే చూస్తాను. నచ్చితే తోపులు చూసి లారీ పంపిస్తాను" అని ఆయన కబురు పెట్టినాడు. కాయ కోతకొచ్చేసి ఉండాది. ఆయన సరే అంటే సంగం నిలబడతాది. వద్దంటే ఆ పది మంది ముందరా మా చిన్నాయన తల ఎత్తుకోలేడు.

ఆ వెబ్‌సైట్ చేసింది ఎవురనుకున్నారు? మా చిన్నమ్మ. ఇంటరు దాకా చదివిన మనిషి. చిత్తూరులో మునిరత్నం అనే ఆయన ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకోనుంటే, వారానికి రెండు మాట్లు బస్సెక్కి పోయి, ఆయన పక్కన కూర్చోని నేర్చుకోనింది. ఇస్కూలు టీచరమ్మ తావ కెమెరా అడుక్కోని ఫోటోలు తీసింది. వాటిని కడిగించి, స్కాన్ చేయించి, ఒక్కొక్కటే ఎక్కించింది. రెండు నెలల కష్టం.

మా చిన్నాయన నాకు ఫోన్ చేసినాడు. "పాపా, నువ్వేదో దాని కోర్సే సదివినావంట గదా. మీ సిన్నమ్మ సేసిందాన్ని ఒకసారి సూసి, బాగుండాదో లేదో సెప్పి పో."

చూసి చెప్పి పో. ఆయన అడిగింది అంతే, దీనికి మీరే సాక్షి. నేను మాత్రం కొత్త నోటుబుక్కు కొని, స్కేలు పెట్టి గళ్ళు గీసి, రంగులకు ఇరవై అయిదు, అక్షరాలకు ఇరవై అయిదు, ఫోటోలకు ఇరవై అయిదు, ఖాళీ చోటుకు ఇరవై అయిదు అని మార్కులు పంచుకోని, సోమవారం పొద్దన్నే చిత్తూరు బస్సెక్కినాను.

మునిరత్నం సెంటర్‌లో నలుగురం చేరినాం. అప్పట్లో ఇంటర్నెట్ అంటే మీకు గుర్తుంటాది గదా. ఫోను తీగ పెట్టెలోకి దూరి, గుడ్డు పెట్టే కోడి మాదిరి కాసేపు అరిచి, అప్పుడు వచ్చేది. వచ్చినాక కూడా బొమ్మ పై నుంచి కిందికి వేలెడంత వేలెడంత దిగేది. ముందు ముగ్గు చుక్కల అంచు దిగింది. తర్వాత గులాబీ రంగు అక్షరాలు "రండి, మా తోపు చూడండి" అంటా ఈ పక్క నుంచి ఆ పక్కకు పరిగెత్తినాయి. వాటి కింద పదకొండు మంది రైతులు, ఒక్కొక్కరు వాళ్ళ వాళ్ళ కాయల కుప్ప పక్కన, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకోని నిలబడుండారు. ప్రతి రైతు కిందా ఆయన కాయ ఒకటి పెద్దగా ఉండాది. భుజాల కాడ బంగారు పసుపు, తోక కాడ ఇంకా కొంచెం పచ్చ, ఒంటి నిండా మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు, తొడిమ కాడ సొన కారిన చార. అన్నిటికీ అడుగున "మా కాయలకు మందు పెట్టం. వరిగడ్డిలో మాగేస్తాం" అని రాసుండాది.

"ఎట్లుండాది పాపా?" అని చిన్నమ్మ ఆశగా అడిగింది.

"సిన్నమ్మా, కోప్పడకూడదు."

"నేనెందుకు కోప్పడతా? సెప్పు."

"అక్షరాలు పరిగెత్తకూడదు."

"పరిగెత్తితేనే గదా కండ్లు వాటి మీదికి పోయేది?"

"కండ్లు వాటెనకాలే పోతాయి. ఇంక కాయల్ని ఎవురు చూస్తారు?"

"అదీ నిజమే" అని పాపం ఒక కాగితం మీద రాసుకోనింది. అంతటితో నేను నోరు మూసుకోనుంటే మంచి సలహా ఇచ్చిన బిడ్డనయ్యేదాన్ని. మూసుకుంటే నేను నేనెట్లయితాను?

"ఖాళీ చోటే లేదు సిన్నమ్మా. యాడ చూసినా ఏదో ఒకటి ఉండాది."

"ఖాళీగా వదిలితే కలుపు మొలస్తాది మే."

ఎనక నిలబడిన చిన్నాయన నా పక్షం వచ్చినాడు. "కాదులే, సెట్టుకూ సెట్టుకూ మద్దెన మనం వదలమా? పాప సెప్పేది అదే."

"అదే సిన్నాయనా! ఇంక ఈ ఫోటోలు. కాయలు మురిగ్గా ఉండాయి."

అప్పుడు చిన్నమ్మ తలెత్తింది. "మురికి కాదు పాపా, సొన."

"నీకు సొన. చూసేవాళ్ళకు మురికి. ఒంటి నిండా చుక్కలు వేరే. యూజర్ అనేవాడు ఒకడుంటాడు సిన్నమ్మా, వాడు ముందు అందం చూస్తాడు."

"ఆ యూజరు యా ఊరోడు?" అని అడిగినాడు మా చిన్నాయన నిజంగానే.

మునిరత్నం పక్కకు తిరిగి దగ్గినాడు. నేను పట్టించుకోలేదు. నాలుగు గళ్ళలో మార్కులు వేసి, కూడి, అందరికీ వినపడేట్టు చెప్పినాను. "ఇరవై ఏడు."

"ఎంతకు? ముప్పైకా?" అనింది చిన్నమ్మ.

"నూటికి."

ఆమె నవ్వబోయింది. "పదో తరగతి లెక్కల్లో కూడా నాకు ఇంతకంటే ఎక్కువే వచ్చినాయే" అని, కీబోర్డు మీద దుమ్మును కొంగుతో తుడిచింది. కీబోర్డు మీద దుమ్మేం లేదు. నేను చూసినాను గానీ, నా బుర్రకు ఎక్కలేదు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

"అయితే ఇప్పుడెట్ల పాపా? గురువారం ఆయప్ప వచ్చేస్తాడు" అన్నాడు చిన్నాయన.

"నాకు వదిలెయ్ సిన్నాయనా. నేను చూసుకుంటా."

పుట్టి మునిగేది ఎప్పుడూ ఈ మాటతోనే.

మంగళవారం, బుధవారం నేను ఆ సెంటర్‌లోనే కాపురమున్నాను. ముగ్గు అంచు తీసేసినాను. పరిగెత్తే అక్షరాల్ని ఒక చోట కూర్చోబెట్టినాను. ఇంక కాయల మీద పడినాను. ఫోటోలో మచ్చ తీసే ఉపాయం ఏమంటే, మచ్చ పక్కనుండే మంచి తోలును మౌసుతో కొంచెం తీసుకోని మచ్చ మీద అతికించేది. ఒక చుక్క పోతాది. మళ్ళా ఇంకొకటి. అట్ల ఒక్కో కాయకు వంద చుక్కలకు తక్కువ లేకుండా పదకొండు కాయల్ని తుడిచినాను. కూలికి పోయుంటే మేస్త్రి మెచ్చుకోని సాయంత్రం ఒక గంట ముందే ఇంటికి పంపుండేవాడు. సొన చారలు పోయినాయి. తోక కాడ పచ్చ చూసి పచ్చికాయ అనుకుంటారేమోనని, తల నుంచి తోక దాకా ఒకే పసుపు పూసేసినాను. నేను తిరపతిలో పుట్టి పెరిగిన దాన్ని. నాకు తెలిసిన మామిడిపండు మా అమ్మ ముక్కలు కోసి అన్నం తట్టలో పెట్టిచ్చేది. తోలు మీద ఏం రాసుంటాదో నాకేం తెలుసు? చివరగా "మా కాయలకు మందు పెట్టం" అనే మాటను ఎర్ర రంగులో, మూడింతలు పెద్దది చేసినాను. యూజర్‌కు కనిపించాల గదా!

బుధవారం సాయంత్రం చిన్నమ్మ వచ్చి చూసింది.

"మే, ఇవి మా కాయలేనా?"

"మీ కాయలే."

"మచ్చలు యాడికి పోయినాయి?"

"తీసేసినా."

"కాయంతా ఒకే రంగుండాదే పాపా. ఇట్లుంటే సూసేవాళ్ళు..."

"సిన్నమ్మా, ఇరవై ఏడు మార్కులు ఎవురికొచ్చినాయి?"

ఆ వాక్యాన్ని ఆమెను పూర్తి చేయనిచ్చుంటే నేను ఈ పొద్దు మీ ముందర ఇట్ల చెంపలేసుకునే పని ఉండేది కాదు.

గురువారం దొరస్వామి వచ్చినాడు. భారీ మనిషి, తెల్ల పంచె, తెల్ల చొక్కా. చిన్నప్పుడెప్పుడో అమ్మవారు పోసిందేమో, మొహం నిండా మచ్చలు. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ, ఆశ్చర్యమొచ్చినా కోపమొచ్చినా అరవం వచ్చేస్తాది. ఆయన్ను కంప్యూటర్ ముందర కూర్చోబెట్టినారు. ఎనకాల రైతులు పదకొండు మందీ ఒకరి భుజం మీద ఒకరు. చోటు చాలనోళ్ళు గుమ్మంలో నిలబడినారు. అప్పటి దాకా ఆ వెబ్‌సైట్‌ను వాళ్ళల్లో మా చిన్నాయన తప్ప ఎవురూ చూసినోళ్ళు కాదు. తొలిసారి సినిమాలో తెర మీద బొమ్మ పడినప్పటి మాదిరి అందరూ మెడలు సాచినారు.

బొమ్మ దిగడం మొదలయింది. ముందు పసుపు. కొంచెం ఆగి మళ్ళీ పసుపు. నేను పక్కన చేతులు కట్టుకోని, మెచ్చుకోలు ఎప్పుడొస్తాదా అని నిలబడి ఉండాను.

ముందుగా మునస్వామి తాత నోరు తెరిచినాడు. "అవి ఎవురి కాయలప్పా?"

"నీవే తాతా. పైన నీ ఫోటో ఉండాది చూడు" అన్నాను.

"నావా? నా కాయలకు అంత మొహం యాడిది?"

దొరస్వామి కండ్లజోడు తీసి తుడుచుకోని మళ్ళీ పెట్టుకోని, ముందుకు వంగినాడు. "ఎన్న ఇదు?" అన్నాడు. తర్వాత ఎనక్కి తిరిగి, "చెంగల్రాయులు గారూ, ఇది కార్బైడ్ కాయ" అన్నాడు.

కార్బైడ్ సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు. పచ్చికాయల నడాన పొట్లాలు కట్టి పెట్టే మందు. ఒకట్రెండు దినాల్లో రంగొచ్చేస్తాది, రుచీ వాసనా రావు, తినినోడికి మంచిది కాదు.

"అయ్యో, కాదు సామీ! మేము మందే ముట్టం" అన్నాడు చిన్నాయన.

"నేను ముప్పై ఏండ్లుగా పండ్లు అమ్ముతా ఉండాను. ఒక్క చుక్క లేదు. పచ్చ లేదు. తల నుంచి తోక దాకా ఒకే పసుపు. మందుకాయ కాకపోతే ఇట్ల ఎట్లుంటాది? కింద చూడండి, మందు పెట్టం అని ఇంతింత అక్షరాలు! పాలు తాగిన పిల్లి మూతి తుడుచుకోకుండా వచ్చి, నేను తాగలేదు అన్నట్టుండాది."

ఇంక చూడండి గోల. "చెంగల్రాయులూ, యాడివో మండీ కాయలు తెచ్చి మా పేర్లు రాసినావా?" అని ఒకాయన. "నా మొహం కింద మందుకాయ పెడతావా? నా అల్లుడు సూస్తే నన్ను ఏమనుకుంటాడు?" అని ఇంకొకాయన. మునస్వామి తాతైతే తువ్వాలు విదిలించి భుజం మీదేసుకున్నాడు. అది తిట్టు కంటే ఎక్కువ. చిన్నాయన అందరి మొహాలూ చూసి, "ఒట్టప్పా... మీ మీద ఒట్టు..." అంటా, కడాకు నా పక్క తిరిగినాడు. "పాపా, ఏందిది?"

ఆయన గొంతు అట్ల నేను ఎప్పుడూ వినలేదు. దొరస్వామి సంచి చేతికి తీసుకోని లేచినాడు.

"సామీ, ఆగండి! తప్పు నాది. మచ్చలు నేనే తుడిచినాను."

"దేంతో?"

"మౌసుతో."

"కాయ మీదా?"

"ఫోటో మీద."

"ఫోటో మీద మచ్చ ఎట్ల తుడుస్తారమ్మా? ఉన్నదే గదా ఫోటోలో పడేది. నన్ను పిచ్చోణ్ణి చేస్తా ఉండావా? అయినా ఎందుకు తుడిచినావు?"

"అందానికి సామీ."

గుమ్మంలోంచి ఎవురో గట్టిగా అన్నారు. "దానికేమన్నా పెండ్లిచూపులా మే, అందానికి?"

భూమి పగిలితే దూరిపోదామనుకున్నాను. సెంటర్‌లో నేలంతా సిమెంటు. అప్పుడు మా చిన్నమ్మ ముందుకొచ్చింది. రెండు దినాలుగా నేను నోరెత్తనీయని మనిషి. "సామీ, ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి" అని, చేతిసంచిలోంచి రుమాల్లో చుట్టిన ఫ్లాపీ తీసింది. "నేను తీసిన ఫోటోలు ఇందులో అట్లనే ఉండాయి. పాపా, దీన్ని తెరిచి, సామి కండ్ల ముందరే తుడువు."

"పాతవి ఎందుకు దాచినావు సిన్నమ్మా?" అని గుసగుసగా అడిగినాను.

"కష్టపడి తీసినవి ఎవురన్నా పారేస్తారా? ముందు పని సూడు."

ఫ్లాపీ కరకరమనింది. నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. మునస్వామి తాత కాయ తెర మీదికొచ్చింది, చుక్కలతో, సొన చారతో, తోక కాడ పచ్చతో.

"ఆ... ఇప్పుడిది నా కాయ!" అన్నాడు తాత.

నేను మౌసు పట్టుకోని ఒక చుక్క తుడిచినాను. దొరస్వామి సంచి కింద పెట్టినాడు. రెండో చుక్క తుడిచినాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అదో, ఆ పెద్దది తియ్యి" అన్నాడు. తీసినాను. "అయ్యయ్యో!" అన్నాడు. ఎనకున్నోళ్ళు కోపం మర్చిపోయి ఎగబడినారు. "తొడిమ కాడ సొన తియ్యి మే!" "తోక కాడ పచ్చ పోతాదేమో సూడు!" "తాత మొహమ్మీద మచ్చ కూడా తియ్యి!" పది నిమిషాల్లో ఆ కాయ మళ్ళీ ప్లాస్టిక్ కాయ అయిపోయింది.

దొరస్వామి కుర్చీలో ఎనక్కి వాలి నవ్వినాడు. కడుపు ఊగిపోయేట్టు నవ్వినాడు. "అంటే వీళ్ళు కాయలకు కార్బైడ్ పెట్టలేదు. నువ్వు ఫోటోలకు పెట్టినావు!"

సెంటరంతా గొల్లుమనింది. మా చిన్నాయన మాత్రం నవ్వలేదు, గోడకు ఆనుకోని ఊపిరి వదిలినాడు.

దొరస్వామి పాత ఫోటోలన్నీ ఒక్కొక్కటే తెరిపించినాడు. మేమేదో పుస్తకం చదివినట్టు ఆయన తోలును చదివినాడు. "ఈ చుక్కలు చూడు, చెట్టు మీదనే బాగా ముదిరిన కాయ. ఇది పచ్చిగా తెంపింది కాదు. ఈ భుజం చూడు, కండ పట్టింది. వ్యాపారి చూడాల్సింది ఇదే గదమ్మా, దీన్నే నువ్వు తుడిచేసినావు! ఈ ఫోటోలు ఎవురు తీసినారు?"

"నేనే సామీ" అనింది చిన్నమ్మ.

"కాయ తెలిసిన మనిషివి తల్లీ. వెబ్‌సైట్‌లో ఇవే పెట్టు."

ఆ మధ్యాన్నమే ఊరికి వచ్చి తోపులన్నీ తిరిగినాడు. చిన్నమ్మ ఇంటి వెనక గదిలో వరిగడ్డి పక్కకు జరిపితే, ఆ వాసనకే ఆయన గుమ్మంలో ఆగిపోయినాడు. ఒక కాయ తీసుకోని తొడిమ కాడ ముక్కు పెట్టి, కండ్లు మూసుకున్నాడు. తర్వాత మా చిన్నాయన చెయ్యి పట్టుకోని ఊపినాడు. పైన తువ్వాలు కప్పకుండా, పదిమందీ చూస్తా ఉండంగా. మునస్వామి తాత "సంగం అంటే సంగమేలేప్పా" అని ఒకటికి రెండు మాట్లు అన్నాడు. మా చిన్నాయన పక్కకు పోయి కండ్లు తుడుచుకోవడం నేను చూసినాను. నాకూ ఏడుపొచ్చేసింది.

వంటింట్లోకి పోయి చిన్నమ్మ పక్కన కూలబడినాను. "సిన్నమ్మా, నన్ను రెండు దెబ్బలు కొట్టు. లేకుంటే నాకు మార్కులన్నా వెయ్యి."

"మార్కులేసే తెలివి నాకు ల్యా పాపా. పొద్దన్నుంచి ఏం తినలేదు, ముందు అన్నం తిను" అని తట్టలో ఇంత సంగటి, వేరుశెనగ పచ్చడి వేసి పెట్టింది. అంతకంటే పెద్ద దెబ్బ నన్నెవురూ కొట్టలేదు.

కత ఈడికి అయిపోయుంటే నేను బుద్ధిమంతురాలినయ్యేదాన్ని. కానీ సాయంత్రం బయల్దేరేటప్పుడు దొరస్వామి నన్ను అరుగు చివరకు పిలిచి, అటూ ఇటూ చూసి, జేబులోంచి ఒక ఫోటో తీసినాడు. ఆయనా, ఆయన భార్యా పక్కపక్కన కూర్చోనుండే ఫోటో.

"సోమవారం లారీ వస్తాది. వచ్చే నెల నాకు షష్టిపూర్తి. పత్రిక మీద ఈ ఫోటో వేస్తారు. కాయల మీద చుక్కలు మళ్ళీ పెట్టెయ్యి. నా మొహమ్మీదవి మాత్రం..." అని చెంప తడుముకున్నాడు. "కొంచెం చూడమ్మా."

సంగాన్ని నిలబెట్టిన మనిషి అడిగితే కాదంటానా? కొంచెం చూడమంటే కొంచెం చూస్తానా? కాయల కాడ చేసిన పాపమంతా ఈడ కడిగేసుకుందామని, శ్రద్ధగా, భక్తిగా, ఒక్కొక్క మచ్చా తుడిచినాను. మచ్చలు పోయినాక ముడతలు కనిపించినాయి, అవీ తుడిచినాను. తెల్ల వెంట్రుకలు కనిపించినాయి, నలుపు పూసినాను. మదరాసుకు పంపినాను. సోమవారం లారీ వచ్చింది, తొలి కోత కాయలు ఎక్కినాయి. రెండో కోతకు కూడా మాట ఇచ్చినాడు. ఊర్లో మా చిన్నాయన మీసం మెలేసుకోని తిరిగినాడు.

రెండు వారాలకు చిన్నాయన ఇంటికి మదరాసు నుంచి ఫోన్ వచ్చింది. నేను ఆడనే ఉండాను. చిన్నాయన రెండు మాటలు విని ఫోను నాకిచ్చినాడు. "దొరస్వామి ఇంటామె. ఆయప్ప అంగళ్ళన్నీ ఈమె మాట మీదే నడుస్తాయంట. నిన్నే అడగతా ఉండాది. రెండో లారీ ఆపేసినారంట."

"ఏమ్మా, మచ్చలు తుడిచే పాప నువ్వేనా?" అనింది ఆమె.

"అవునమ్మా."

"పత్రిక అచ్చయింది. చూసినావా?"

"లేదమ్మా. బాగొచ్చిందా?"

"రొంబ బాగొచ్చింది. మా వియ్యపురాలు చూసి, షష్టిపూర్తికి మీరు పక్కన మీ కొడుకును ఎందుకు కూర్చోబెట్టుకున్నారు అని అడిగింది."

"అమ్మా... క్షమించండమ్మా. ఆయన మచ్చలన్నీ మళ్ళీ పెట్టేస్తాను. ఇప్పుడే పెట్టేస్తాను."

"ఆయనవి నువ్వు ముట్టావంటే చూడు!" అని గద్దించింది. "ఆయనకు ముప్పై ఏండ్లు తగ్గించినావే, పక్కన నేను కూర్చోనుండేది నీకు కనపడలేదా? ఆయనకు తల్లిలాగా ఉండాను! పత్రికలు మళ్ళీ అచ్చు వేయిస్తా ఉండాను. నా ఫోటో ఎప్పుడొస్తే లారీ అప్పుడు."

ఆ మధ్యాన్నం చిత్తూరు బస్సును నేను ఎక్కినంత ఉరుకుగా ఇంకెవురూ ఎక్కుండరు. సాయంత్రానికి ఆమె మొహం కూడా తుడిచిన ఫోటో మదరాసుకు పోయింది. మర్నాడు లారీ వచ్చింది.

కాబట్టి సకల జనులకూ తెలియజేయడమేమనగా, ఇకమీదట నేను బతికున్నంత కాలం, చేతిలో మౌసున్నా చీపురున్నా సరే, మామిడికాయ మీద చుక్కను ముట్టనని ప్రమాణపూర్వకంగా చెప్తా ఉండాను. మనుషుల ఫోటోలు మాత్రం అడిగితే కాదనను. అయితే మొగుడొక్కడి మొహం తుడిచే పాపానికి మళ్ళీ ఒడిగట్టను. ముందు ఆమెది తుడిచి, ఆమెకు చూపించి, ఆమె చాలు అనినాక, ఇంకా పొద్దుంటే ఆయనది చూస్తాను.